నడిమి పలక

ఆ రోజు ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు భాయ్ తన స్కూటర్‌ను మా ఇంటి ముందు ఆపి రెండుసార్లు హారన్ కొట్టాడు. ప్రతి మార్చి ముప్పై ఒకటిన మా ఇద్దరికీ అదే పని. నేను కొలత టేపు, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వెనక కూర్చున్నాను. లెక్కల ఏడాది చివరి రోజున ఫ్యాక్టరీకి పోయి, అక్కడ ఉన్న సరుకు లెక్కబెట్టి రావాలి. మామూలు రోజే.

మేమిద్దరం మార్కాపురంలో ఒక ఆడిటర్ల ఆఫీసులో గుమాస్తాలం. కాగితాల మీద ఆడిట్ అసిస్టెంట్లు అని రాసేవారు. భాయ్ నాకంటే ఐదేళ్ళు పెద్ద, పదేళ్ళు సీనియరు. నాకు పని నేర్పింది ఆయనే. ఆడిట్ ఆఫీసుల్లో ఇప్పుడిప్పుడే చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి, మీకు పరీక్షల్లో చెప్పినదాన్నే నా మాటల్లో చెప్తాను. తన దగ్గర ఇంత సరుకు ఉందని ఒక కంపెనీ చెప్తుంది. ఆ మాట నిజమో కాదో ఆ కంపెనీతో సంబంధం లేని మనిషి చూసి సంతకం పెడతాడు. ఆ సంతకాన్ని నమ్మి బ్యాంకు అప్పిస్తుంది, కూలీలు పనికి వస్తారు. చూడకుండా సంతకం పెట్టేటట్టయితే ఆడిటర్ అనే మనిషి అవసరమే లేదు.

మా ఆఫీసు మొదట ఇద్దరిది. మార్కాపురంలో పెద్దాయన, గిద్దలూరులో ఆయన స్నేహితుడు. ఏ క్లయింటును ఎవరు తెచ్చినా ఏడాది చివర మిగిలింది చెరి సగం. తప్పుడు సంతకం బయటపడితే పోయే పరువూ, పోయే ఆస్తీ కూడా ఇద్దరివీ. అందుకని గిద్దలూరాయన ప్రతి శనివారం ప్యాసింజరు రైల్లో వచ్చి మార్కాపురం ఫైళ్ళు తెరిచేవాడు. వారం మధ్యలో పెద్దాయన గిద్దలూరు పోయి అక్కడివి తెరిచేవాడు. ఇద్దరూ గట్టిగా తిట్టుకునేవాళ్ళు.

"నా ఫైలు చూసేదానికి నువ్వెవరప్పా?" అని పెద్దాయన అరిస్తే గిద్దలూరాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "నువ్వు పెట్టే సంతకానికి నా ఇల్లు కూడా పోతాది. చూడకుండా ఎట్ల కూచుండేది?" అనేవాడు.

మేము బయట బల్లల దగ్గర నవ్వుకునేవాళ్ళం. అంత మంచి కాపలా మళ్ళీ నాకు కనబడదని అప్పుడు తెలియదు.

పెద్దాయన దేవుడేమీ కాదు. జీతాలు తక్కువ ఇచ్చేవాడు. పండక్కి ముందు రోజు కూడా సాయంత్రం దాకా కూర్చోబెట్టేవాడు. చిన్నచిన్న వాటిని చూసీచూడనట్టు వదిలేసేవాడు కూడా. కానీ సరుకు దగ్గర మాత్రం వదిలేవాడు కాదు. మా ఊరి సరుకు పలక రాయి. కోసిన పలకలను షెడ్డులో మనిషి ఎత్తున దొంతరలుగా పేరుస్తారు. ముందు నుంచి చూస్తే అంచులే కనబడతాయి. పొడవు ఇన్ని, ఎత్తు ఇన్ని, లోతు ఇన్ని అని హెచ్చించి రాసుకుని రావడం ఎవరికైనా చేతనవుతుంది. పెద్దాయన దొంతర నడిమి నుంచి ఒక పలక తీయించేవాడు. వేలి కణుపుతో కొట్టేవాడు. మంచి పలక ఖంగుమంటుంది. పగులున్నది నోరు మూసుకుని పలికినట్టు పలుకుతుంది. లోపల అసలు పలకే లేకపోతే అదీ అప్పుడే తెలుస్తుంది.

అట్లా మా ఆఫీసులో నడిమి పలక అన్నది ఒక మాటయింది. రైసు మిల్లుకు పోయి వచ్చినా, మందుల దుకాణానికి పోయి వచ్చినా పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "నడిమి పలక తీసినారా?" రైసు మిల్లులో అది నడిమి బస్తా. మందుల దుకాణంలో అర లోపలి డబ్బా. తీయలేదంటే మళ్ళీ పంపేవాడు, బస్సు చార్జీలు ఇవ్వకుండా.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. సరుకు దగ్గర నిలబడి పెన్సిలుతో రాసిన కాగితాన్ని రఫ్ అనేవాళ్ళం. ఆఫీసుకు వచ్చాక దాన్ని శుభ్రంగా తిరగరాస్తే ఫేర్. నా చేతిరాత బాగుంటుందని అందరి ఫేర్లూ నేనే రాసేవాణ్ణి. కింద 'లెక్కించినవారు' అన్నచోట రఫ్ రాసినవాడి పేరే వేసేవాణ్ణి. నా పేరు ఎక్కడా ఉండేది కాదు. ఫేర్ వెనక రఫ్ కాగితాన్ని కుట్టాలన్నది గిద్దలూరాయన నియమం. నా రాతలో ఎవరి పేరైనా ఉండవచ్చు కాబట్టి ఆ నియమం పెట్టినట్టున్నాడు. నేను మాత్రం అది ఆయన చాదస్తం అనుకున్నాను.

గిద్దలూరాయన పోయాడు. పెద్దాయనకు చూపు తగ్గింది. ఆఫీసును నగరంలోని ఒక పెద్ద సంస్థ కలుపుకుంది. బోర్డు మారింది, పేరు చివర ఎల్‌ఎల్‌పీ అని చేరింది.

"ఎల్‌ఎల్‌పీ అంటే ఏంది భాయ్?" అని అడిగాను.

"లాభం లోపలికి, పాపం బయటికి" అన్నాడు భాయ్, తల ఎత్తకుండా.

కొత్త పద్ధతిలో మా ఆఫీసుకు వచ్చిన భాగస్వామిని మేము చిన్న సారు అనేవాళ్ళం. ముప్పై ఐదేళ్ళుంటాయి. చదువుకున్నవాడు, మాట మెత్తన. ఆయన అప్పు చేసి సంస్థలో వాటా కొనుక్కున్నాడు. ఆ వాటా మీద ఏడాదికి ఎంత వస్తుందన్నది ఆయన పేరు మీద ఎన్ని క్లయింట్లున్నాయో, వాళ్ళు ఎంత ఫీజు ఇచ్చారో, దాన్ని బట్టి ఉండేది. క్లయింటు పోతే వాటా కుంగుతుంది. పక్క భాగస్వామి ఫైలు తెరిస్తే పైసా రాదు. అందుకని ఎవరూ ఎవరి ఫైలూ తెరిచేవారు కాదు. శనివారం రైలు దిగే మనిషి లేడు. ఎల్‌ఎల్‌పీలో భాగస్వాముల బాధ్యతకు హద్దుంటుంది, ఏదైనా బయటపడితే ఎవరి ఇల్లూ పోదు.

మాకూ ఒక పథకం పెట్టారు. సెప్టెంబరు లోపల ఎన్ని ఫైళ్ళు ముగిస్తే అంత బోనస్. ఆ ఏడు నాకు వచ్చిన బోనస్‌తో ఫ్రిజ్ కొన్నాను. ఇప్పటికీ నడుస్తోంది.

ఇక ఆ రోజు సంగతి. మేము పోయింది ఊరి బయట ఒక పలకల ఫ్యాక్టరీకి. ఓనరుకు ఇంకా రెండు వ్యాపారాలున్నాయి, గిద్దలూరులో ఒకటి, కంభంలో ఒకటి. మూడూ చిన్న సారు పేరు మీద ఉన్న క్లయింట్లే. షెడ్డు నిండా దొంతరలు. నేను టేపు పట్టుకుని వరసలు చెప్తుంటే భాయ్ రఫ్ మీద రాసుకున్నాడు. ముగిశాక కాగితం మడిచి, "నడిమిది తీపియ్యప్పా" అన్నాడు మేనేజరుతో.

మేనేజరు నవ్వాడు. "ఇంకా ఆ పాత పద్ధతేనా భాయ్? పోయినేడు మీరు రాలా, వేరే పిల్లోళ్ళొచ్చినారు. ఫోటోలు తీసుకోని పోయినారు."

"వాళ్ళకు ఫోన్లుండాయి. నాకు వేళ్ళుండాయి."

"తీస్తే దొంతర కూలుతాది. ఆడోళ్ళ కాళ్ళ మీద పడితే ఎవరు జవాబు?"

పలకలు పేర్చే ఆడవాళ్ళలో ఒకామె అక్కడే ఉంది. యాభై ఏళ్ళుంటాయి. చీర కొంగు నడుముకు చుట్టుకుంది, చేతులు బూడిద రంగు దుమ్ముతో ఉన్నాయి. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"పేర్చినదాన్ని నాకు తెల్దా కూలేది కూలనిది?" అంది. దొంతర దగ్గరకు పోయి, పై వరసలు నాలుగు దించి, చెయ్యి లోపలికి పెట్టింది. బయటికి తీసింది పలక కాదు. గని దగ్గర పారేసే తుక్కు రాయి, మట్టితో సహా. దాన్ని భాయ్ చేతిలో పెట్టి, "కొట్టి చూడు అన్నా, ఎట్ల మోగుతాదో" అంది.

భాయ్ కొట్టలేదు. "ఇది ఎవరు పెట్టమన్నారమ్మా?"

"మేం పెట్టేది చెప్పినట్టే గదా. సరుకు బయటికి పోతానే ఉండాది, గోడలు మాత్రం నిండుగా ఉండాలన్నారు. పని ఉంటాదో పోతాదో అని మాకు భయం. మీరన్నా రాయండి."

మేనేజరు ఆమెను పేరుతో పిలిచి బయటికి పొమ్మన్నాడు. ఆమె పోయింది. భాయ్ ఇంకో ఎనిమిది దొంతరలు చూపించమన్నాడు. మొత్తం తొమ్మిదిలో ఆరింటి లోపల తుక్కే. ఆ తర్వాత తీయనివ్వలేదు. భాయ్ రఫ్ కింద పెన్సిలుతో నాలుగు వరసలు రాశాడు. ఎన్ని తీశాం, ఎన్నింట్లో తుక్కు, ఎన్ని చూపలేదు, అందుకని ఈ లెక్కను ఒప్పుకోలేం అని. కింద సంతకం పెట్టాడు. వస్తూ దారిలో టీ తాగాం. "ఆయమ్మ పని పోతాది తమ్ముడా" అన్నాడు. అన్నట్టే వారానికల్లా పోయింది.

ఆ కాగితం చిన్న సారు బల్ల మీద రెండు నెలలుంది. జూన్‌లో ఒక రోజు భాయ్ బంధువుల పెళ్ళికి కంభం పోయి ఉన్నప్పుడు చిన్న సారు నన్ను పిలిచాడు.

"మీ రాత బాగుంటుంది కదండీ, ఇది ఫేర్ చేసేయండి. కింద ఆ నాలుగు లైన్లూ వద్దు. వాళ్ళతో మాట్లాడాను, క్లియర్ అయిపోయింది."

"భాయ్‌తో ఒక మాట చెప్తే బాగుంటాది సార్."

ఆయన కోప్పడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, నాతో తన కష్టం చెప్పుకున్నట్టే చెప్పాడు. "చూడండి, ఈ ఓనరు పోతే మూడు ఫైళ్ళు పోతాయి. నా వాటాలో సగం అవే. అప్పు మీద వడ్డీ కట్టుకోవాలి నేను. మేం సంతకం పెట్టకపోతే రేపు ఇంకో ఆడిటరు పెడతాడు. అప్పుడు ఏం ఒరిగింది చెప్పండి? మీ ఫైళ్ళ లెక్కలో కూడా మూడు తగ్గుతాయి."

ఆ చివరి మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. నేను కాగితం తీసుకుని నా బల్ల దగ్గరకు వచ్చి ఫేర్ రాశాను. వరసలన్నీ నిండుగా. నాలుగు లైన్లు లేవు. కింద 'లెక్కించినవారు' అన్నచోట, ఇరవై ఐదేళ్ళ అలవాటు కొద్దీ, భాయ్ పేరు రాశాను. చెయ్యి దానంతట అదే రాసిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. చెయ్యికి జీతమివ్వరు. రాసింది నేను.

కొత్త సంస్థలో ఫేర్‌ను మాత్రమే స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెడతారు. రఫ్ ఉంచకూడదని నియమం. దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను. అందులో నడిమి పలక ఉంది.

భాయ్ పెళ్ళి నుంచి వచ్చాక, "ఆ పలకల ఫైలు ఏమైంది?" అని అడిగాడు. "సారు దగ్గరుంది" అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే మరీ చెడ్డది.

మూడేళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది. ఓనరు ఊళ్ళో లేడు. బ్యాంకు వాళ్ళు షెడ్డు తెరిచి దొంతరలు విప్పించారు. లోపల తుక్కు. అరవై మంది ఆడవాళ్ళకు ఒక్కరోజులో పని పోయింది. బ్యాంకు తరఫున ఒక అధికారి విచారణకు మా ఆఫీసుకు వచ్చాడు. భాయ్‌కి అప్పటికి రిటైర్‌మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది.

అధికారి, చిన్న సారు, భాయ్, నేను. అంతే ఆ గదిలో. చిన్న సారు ఫేర్ కాగితాన్ని ప్రింటు తీయించి ముందు పెట్టాడు. "మేం మా సీనియర్ అసిస్టెంట్ లెక్క మీద ఆధారపడ్డామండీ. అనుభవం ఉన్న మనిషి" అన్నాడు. గొంతులో కొంచెం బాధ కూడా ఉంది. ఆ బాధను నేను ఇప్పటికీ క్షమించలేదు.

అధికారి కాగితాన్ని భాయ్ వైపు తిప్పాడు. "ఇది మీ లెక్కేనా?"

భాయ్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "లెక్క నాది కాదు సార్. రాతా నాది కాదు. నేను తొమ్మిది దొంతరలు తీపిచ్చినా. ఆరింట్లో తుక్కుండాదని రాసిచ్చినా."

"ఆ కాగితం ఏది?"

"నాకు తెల్దు సార్. ఆఫీసులో ఇచ్చినా."

"మరి ఈ రాత ఎవరిది?"

 చిన్న సారు కంప్యూటర్ వైపు చూస్తున్నాడు. భాయ్ నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. మనిషి తన వంతు కోసం ఆగినట్టు కాదు, అవతలివాడి వంతు వచ్చిందని పక్కకు జరిగినట్టు. నా రాతను నా బిడ్డలకంటే ముందు గుర్తుపట్టేది ఆయన. వేలు చూపితే సరిపోయేది. చూపలేదు. నాకు వదిలిపెట్టాడు.

నేను మాట్లాడలేదు. నాకు ఇంకా ఐదేళ్ళ సర్వీసుంది అనుకున్నాను. తర్వాత ఒంటరిగా కలిసి చెప్దాం అనుకున్నాను. ఇట్లాంటివన్నీ అంత కొద్ది నిమిషాల్లో ఎన్ని తోస్తాయో.

భాయ్ అధికారి వైపు తిరిగాడు. "మా ఆఫీసులో ఇప్పుడు అందరి రాతా ఒకటే సార్" అన్నాడు.

అధికారి అది కూడా రాసుకున్నాడు.

చట్టం ప్రకారం బాధ్యత సంతకం పెట్టినవాడిది. ఊళ్ళో మాత్రం అది లెక్కబెట్టినవాడి మీద పడింది. సంస్థ భాయ్‌ని తీసేసింది. తాను కఠినంగా ఉన్నానని బ్యాంకుకు ఒక ఉత్తరం కూడా రాసింది. చిన్న సారు మీద విచారణ అన్నారు, సిబ్బంది మాటను నమ్మడం పొరపాటే గానీ మోసం కాదని తేల్చారు. రెండేళ్ళకు ఆయన నగరానికి పోయాడు, పెద్ద వాటాతో. ఆయన దుర్మార్గుడని చెప్పి నేను తప్పించుకోదలచుకోలేదు. క్లయింటును పోగొట్టుకున్న భాగస్వామికి నష్టం, తప్పుడు సంతకం పెట్టిన భాగస్వామికి ఏమీ కాదు అని ఒక సంస్థ రాసుకున్నాక, అందులో కూర్చునే మనిషి మంచివాడా చెడ్డవాడా అని చూడటం వృథా. ఆ ఏర్పాటును కూర్చుని రాసినవాళ్ళున్నారు. వాళ్ళు నీతి గురించి మాకు ఏటా ఒక రోజు క్లాసు కూడా పెట్టేవాళ్ళు, మధ్యాహ్నం భోజనంతో.

భాయ్‌ని తర్వాత ఎవరూ లెక్కలు రాయడానికి పెట్టుకోలేదు. "పలకల ఫ్యాక్టరీ భాయ్" అని పేరు పడింది. బట్టల దుకాణంలో పని అడిగితే, "నువ్వా భాయ్, తుక్కు కూడా సరుకని రాస్తావంటనే" అని ఎవరో ఎగతాళి చేశారట. దీపం పెట్టుకుని చదివినట్టు ఒక్కొక్క అంకె చూసే మనిషిని. మూడేళ్ళు ఇంట్లోనే ఉండి, చనిపోయాడు. ఖననానికి పోయి వెనక వరసలో నిలబడి వచ్చాను.

నేను రిటైరైన మూడో రోజు ఆయన ఇంటికి పోయాను. వదిన, అంటే భాయ్ భార్య, వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను కూర్చోకుండానే చెప్పాను. ఫేర్ నేనే రాసినానని, రఫ్ నేనే చింపినానని, ఆ గదిలో నేనే ఉన్నానని.

ఆమె చేట ఆపలేదు. "తెల్సు."

"భాయ్ చెప్పినాడా?"

"ఆయన చెప్పలా. ఒక్కసారి కూడా నీ పేరెత్తలా." చేట పక్కన పెట్టింది. "పండక్కి మొదట మా ఇంట్లో సేమ్యా తినేది నువ్వు. ఆయన బతికుండిన ఆ మూడేండ్లు ఈ గడప తొక్కలా. అదే చెప్పింది నాయనా."

 నా కళ్ళలో నీళ్ళు చూసి ఆమెకు విసుగు పుట్టింది.

"నా దగ్గరెందుకు చెప్తావు? నాకు ఆయన సంగతి తెల్దా? తెల్దన్నోళ్ళకు చెప్పు. బట్టల దుకాణమాయనకు చెప్పు. ఊరికి చెప్పు. పో."

బట్టల దుకాణానికి పోయి చెప్పాను. బ్యాంకుకు రాశాను, ఆడిటర్ల మీద అధికారం ఉన్న వాళ్ళకు రాశాను, సంతకం పెట్టి, నా చేతిరాతతోనే. ఆ విషయం ముగిసిందని బ్యాంకు జవాబిచ్చింది. రెండో చోటు నుంచి, ఆధారంగా అసలు కాగితాన్ని జత చేయమని వచ్చింది. అది నా చేతులతోనే నాలుగు ముక్కలయింది. ఇది ఆధారం కాదని నాకు తెలుసు. అయినా వదిన ఊరికి చెప్పమంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఆ ఫ్యాక్టరీలో భాయ్ తొమ్మిది దొంతరలు తీయించాడు. ఆరింట్లో తుక్కు ఉందని రాసి సంతకం పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

తుక్కు తీసి చూపిన ఆమె ఇప్పుడు రాచర్ల వైపు మిరపకోతకు ఆటోలో పోతోందని విన్నాను. పోయి కలిశాను కూడా. "ఆ అన్న రాసినాడా మరి?" అని అడిగింది. రాశాడని చెప్పాను.

పోయిన మార్చి చివరి వారంలో పాత ఆఫీసు మీదుగా నడుస్తూ లోపలికి తొంగిచూశాను. సరుకు చూడటానికి ఎవరు పోయారని అడిగాను. ఎవరూ పోలేదట. ఫ్యాక్టరీల వాళ్ళే ఫోటోలు తీసి పంపుతారట, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. మార్కాపురంలో పలకల దొంతరలు ఇంకా పేరుస్తున్నారు. వాటికి ఆడిటర్లు ఇంకా సంతకాలు పెడుతున్నారు. నడిమి పలక తీయడం లేదు.